నూటికి మూడున్నర వడ్డీ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా చెప్పారు. పెన్షన్ ఎవరి దయాధర్మమూ కాదని, మన హక్కు అని ఆ తీర్పు సారాంశం. హక్కుగా వచ్చిన ఆ డబ్బు వడ్డీ రూపంలో ఎలా జారిపోతోందో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన వాణ్ణి కనుక ఈ పని నా మీద పడింది.

మన సభ్యులొకరు మొన్న ఒక ప్రశ్న వేశారు. "ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి ఓవర్‌డ్రాఫ్టు బాకీని సున్నా వడ్డీ క్రెడిట్ కార్డు మీదకు మార్చుకోమంటున్నాడండీ. మార్చమంటారా?" అని. అబ్బాయి చెప్పినది అక్కడికి సరైనదే. 2020 ఏప్రిల్‌లో అక్కడ నిబంధనలు మారిన తరువాత పెద్ద బ్యాంకులు చాలావరకు ఓవర్‌డ్రాఫ్టు మీద ఏడాదికి దాదాపు 40 శాతం వడ్డీ పెట్టాయి. కొన్ని కార్డుల నుంచి నేరుగా బ్యాంకు ఖాతాలోకి సొమ్ము మార్చుకునే వీలు కూడా అక్కడ ఉంది. కనుక అక్కడివారికి అది లాభమే.

మనకు వ్యవహారం తలకిందులు. ఇక్కడ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటే సాధారణంగా ఒక కార్డు బాకీని ఇంకొక బ్యాంకు కార్డు మీదకు మార్చడం. ఓవర్‌డ్రాఫ్టు తీర్చడానికి కార్డు మీద నగదు తీస్తే, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలు, పైగా రుసుము. మన ఓవర్‌డ్రాఫ్టు అంత ఖరీదైనదీ కాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీ మీద తీసుకుంటే చాలా బ్యాంకులలో డిపాజిట్ వడ్డీ కంటే ఒక శాతం ఎక్కువ, అంతే. అదీ వాడిన సొమ్ముకు, వాడిన రోజులకు మాత్రమే.

కార్డు సంగతి చూడండి. స్టేట్‌మెంటు వెనుక చిన్న అక్షరాలలో 3.5 శాతం అని ఉంటుంది. ఏడాదికేమో అనుకొని ఊరుకునే వారిని ఎందరినో చూశాను. అది నెలకు! మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా మూడున్నర వడ్డీ అడిగితే గుమ్మం దిగి వచ్చేస్తాం కదా! అదే రంగురంగుల కాగితం మీద అడిగితే సంతకం పెడుతున్నాం. 30 శాతానికి మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అన్నది గాని, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కాబట్టి ఆ గోడా లేదు.

కార్డును తిట్టడం నా ఉద్దేశం కాదు. మన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డులు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయిందిగాని, ఆ పేరు ఇప్పటికీ మన నోట్లో ఆడుతూనే ఉంది. గడువులోగా మొత్తం బిల్లు కట్టేవారికి కార్డు మంచి వస్తువే. సిరిమానోత్సవానికి పిల్లలు, మనుమలు వచ్చినప్పుడు బట్టలకూ సామానుకూ గీకి, ఆ తరువాత "కనీస మొత్తం" మాత్రమే కడుతూ పోయేవారికే చిక్కు. బాకీ మిగిలి ఉంటే కొత్తగా కొన్న వస్తువుకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది. ఇది చాలామందికి తెలియదు.

ఒక లెక్క వేద్దాం. కార్డు మీద 50,000 రూపాయలు బాకీ ఉందనుకోండి. నెల వడ్డీ 1,750. దాని మీద 18 శాతం జీఎస్టీ 315. వెరసి 2,065 రూపాయలు. అసలు ఒక్క రూపాయి తగ్గకుండానే!

ఇప్పుడు వేరే బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. "మూడు నెలలు సున్నా వడ్డీ సార్, రెండు శాతం ఫీజు మాత్రమే" అని. ఫీజు 1,000, జీఎస్టీ 180, మొత్తం 1,180. పాత కార్డులోనే ఉంచుకోవడం కంటే నయమే. అయితే అదే బాకీని 8 శాతం డిపాజిట్ ఓవర్‌డ్రాఫ్టుతో తీర్చి, ఆ ఓవర్‌డ్రాఫ్టును మూడు నెలల్లో సమంగా కట్టేస్తే అయ్యే వడ్డీ సుమారు 667 రూపాయలు. 12 శాతం పెన్షన్ లోను అయినా వడ్డీ సుమారు 1,000, ప్రాసెసింగ్ రుసుము ఉంటే అది వేరు. సున్నా వడ్డీ కంటే ఎనిమిది శాతం వడ్డీ చౌక అయింది, చూశారా! అప్పు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుంది, ముందే కట్టిన ఫీజు తగ్గదు.

పైగా మూడు నెలల్లో తీర్చాలంటే నెలకు 16,667 రూపాయలు కట్టాలి. 35,000 పెన్షన్‌లో మందులు, పాలు, కరెంటు పోను అది సాధ్యమా? సాధ్యం కాకపోతే నాలుగో నెల నుంచి మళ్లీ కార్డు వడ్డీయే. డిపాజిట్టు గాని బంగారం గాని లేక, పెన్షన్ లోను వయస్సు దాటిపోయి, గడువులోగా తీర్చగలనన్న నమ్మకం ఉన్నవారికే ఈ మార్పిడి. అయిదేళ్ల పన్ను ఆదా డిపాజిట్లను హామీ పెట్టడానికి వీలుండదని కూడా గుర్తుంచుకోండి.

ఒక మాట సోదరీమణుల కోసం. పెన్షన్ లోనుకు చాలాసార్లు భార్యను హామీదారుగా సంతకం పెట్టమంటారు. రేపు ఆమెకు వచ్చేది తగ్గిన కుటుంబ పెన్షన్. కిస్తీ మాత్రం తగ్గదు. అందుచేత ఎంత బాకీ, ఎన్నాళ్లు, ఎక్కడ, అన్నది ఇంటావిడకు చెప్పకుండా సంతకం తీసుకోవడం తగదని నా మనవి. కొడుక్కో కోడలికో యాడ్ఆన్ కార్డు ఇప్పించిన వారు కూడా, ఆ ఖర్చుకు బాధ్యులు మీరేనని తెలుసుకోవాలి.

బాకీ తీర్చిన కార్డును బల్ల సొరుగులో పడేయకండి. మూసివేయమని రాతపూర్వకంగా అడగండి. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాలలో మూసివేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలలో ఉంది. అర్జీ నకలు, తేదీ జాగ్రత్త చేసుకోండి.

స్టేట్‌మెంట్లు వెంట తెచ్చుకున్న వారు భోజనాల తరువాత ఆ పక్క గదిలోకి రండి. కళ్లజోడు, కాగితం, పెన్ను నా దగ్గర ఉన్నాయి. కూర్చుని లెక్క వేద్దాం. సెలవు.