మేనరికం ఒక్కటే ముద్దాయా?



మాకు జన్యుశాస్త్రం చెప్పిన మాస్టారి పేరిట జరిగే ఈ ధర్మనిధి ఉపన్యాసం చెయ్యమని కబురు వచ్చినప్పుడు నేనడిగింది ఒక్కటే: విషయం నా ఇష్టమేనా అని. ఔనన్నారు. అన్నాక ఇప్పుడు వినక వారికీ తప్పదు, మీకూ తప్పదు.

మాస్టారు మంచి అధ్యాపకులు, ఎందరినో తీర్చిదిద్దారు. ఇదంతా ఆహ్వానపత్రికలో అచ్చయింది గనక మళ్లీ చెప్పను. నాకు గుర్తున్నవి వేరు. పండ్ల ఈగలు పెంచే సీసాల కోసం బొంబాయి రవ్వ, బెల్లం ఉడకబెట్టే పని నాకు అప్పగించేవారు. బెల్లం మాత్రం తూచి ఇచ్చేవారు, నేను తినేస్తానని అనుమానం. అనుమానం నిజమే. రికార్డులో నేను గీసిన ఈగ బొమ్మ చూసి, "ఇది ఎగురుతుందంటావా?" అని అడిగి, ఎర్ర సిరాతో కొట్టేసి, మళ్లీ గీయించారు. మార్కులు మాత్రం పెంచలేదు.

ఇంకో సంగతి. మాస్టారు అక్క కూతుర్నే చేసుకున్నారు. వేదిక మీద ఆ మాట అనొద్దని నిన్న రాత్రి ఒకరు ఫోన్ చేసి మరీ చెప్పారు. ఎందుకనకూడదు? జన్యుశాస్త్రం చెప్పే మనిషి అలా చేసుకోవడమేమిటని అప్పట్లో ఊరంతా అంది. పిల్లలు నిక్షేపంగా పుట్టి పెరిగాక, ఏమీ కాదులే అని అదే ఊరు అంది. రెండు మాటలకూ ఆధారం లేదు. ఒక్క ఇంటిని చూసి రుజువయ్యేదేమీ ఉండదు. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

మెండెల్ బఠాణీలు, 1908 నాటి హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం మీరు చదువుకున్నవే. వాటి జోలికి పోను. ఒక లెక్క మాత్రం గుర్తు చేస్తాను. బిడ్డకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యు ప్రతులు రెండూ ఒకే పూర్వీకుడివి అయ్యే అవకాశం మేనమామ-మేనకోడలు పెళ్లిలో ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే పదహారింట ఒకటి. అంతర్గత లక్షణంగా వచ్చే జబ్బులకు మేనరికం దారి తెరుస్తుందనేది ఇందువల్లనే. ఇందులో నాకు పేచీ లేదు. పేచీ దీని తర్వాత వస్తుంది.

ఈ లెక్కను తెలుగునేల మీద మొదట పట్టించుకున్నవాళ్లలో ముఖ్యుడు పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. ఆయన గురువు జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలో మహలనోబిస్ గణాంక సంస్థకు వచ్చి, అక్కడ ఇమడలేక, 1962లో భువనేశ్వర్‌లో ప్రయోగశాల పెట్టుకున్న మనిషి. 1964లో చనిపోతే, ఆయన రాసిపెట్టిన ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. అంటే పోయాక కూడా తెలుగు పిల్లలకు పాఠం చెప్పాడన్నమాట. విద్యార్థుల చేత పని చేయించడంలో ఆయనది ఒకటే పద్ధతి: పరికరాల కోసం కూర్చోవద్దు, కళ్లెదుట ఉన్నది లెక్కపెట్టు. ఒకరు కొబ్బరిచెట్ల ఆకులు కుడికి తిరిగాయా ఎడమకు తిరిగాయా అని చూశారు. ఒకరు పారిజాతం రేకులు లెక్కపెట్టారు. కృష్ణారావు లాంటానా పొద దగ్గర నిలబడి ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతోందో రాసుకుని, 1960లో 'నేచర్'లో అచ్చు వేయించుకున్నారు. ఈనాడు కిట్లు రాలేదని ఆరు నెలలు గోళ్లు గిల్లుకునే పరిశోధక విద్యార్థులకు నేను ఈ కథ చెబుతుంటాను. వాళ్లకు నచ్చదు.

చెవి మీది వెంట్రుకలు వై క్రోమోజోము మీదుగా తండ్రి నుంచి కొడుక్కి వస్తాయని కృష్ణారావు అన్న మాట నిలవలేదు. 2004లో లెస్టర్ విశ్వవిద్యాలయంవారు దక్షిణాది మగవాళ్ల వై క్రోమోజోములు పరీక్షించి కాదన్నారు. దాన్ని వదిలేద్దాం. మనకు కావలసింది ఆయన, పి. మీరాఖాన్ కలిసి 1963లో 'జర్నల్ ఆఫ్ జెనెటిక్స్'లో రాసిన వ్యాసం, ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాలు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అన్నది. తగువంతా అక్కణ్ణుంచే మొదలు.

1966లో ఎల్.డి. సంఘ్వీ ఒక ఊహ చేశాడు. దక్షిణాదివాళ్లు ఎన్నో తరాలుగా మేనరికాలు చేసుకుంటున్నారు, కాబట్టి చెడ్డ జన్యువులు బయటపడి, వాటిని మోసినవాళ్లతోపాటే చాలావరకు రాలిపోయి ఉంటాయి, అందుకే ఇక్కడ మేనరికపు నష్టం తక్కువ అని. 1977లో వేలూరు నుంచి పి.ఎస్.ఎస్. రావు, ఎస్.జి. ఇన్బరాజ్ తమిళనాడు కుటుంబాలను చూసి, సంతానం మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదన్నారు. సంఘ్వీ పక్షం గెలిచిందనుకున్నారు. 1987లో బెంగళూరు నుంచి రాధారమాదేవి, అప్పాజీరావు, బిటిల్స్ పిల్లల జన్యువ్యాధుల లెక్క తీసి, అంత ధీమా పనికిరాదన్నారు. 1994లో బిటిల్స్, నీల్ కలిసి 38 జనసమూహాల గణాంకాలు పోగేసి, మొదటి వరస మేనరికపు పిల్లల్లో అదనపు మరణాలు నూటికి 4.4 దాకా ఉన్నాయని తేల్చారు. నష్టమే లేదని నేనెన్నడూ అనలేదు. అన్నానని రాసినవాళ్లు ఈ తగువు మీద నేను రాసిన వ్యాసం రెండో పేజీ దాటి చదవలేదు.

నేనన్నది వేరు. వేలూరు అధ్యయనంలో మేనరికం కాని జంటలని పక్కన పెట్టి పోల్చారే, వాళ్లెవరు? అదే తాలూకాలో, అదే కులంలో, నాలుగైదు ఊళ్ల మధ్యనే ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు. "మాకేమీ చుట్టరికం లేదు" అంటారు. తాతకు తాత పేరు అడిగితే ఇద్దరూ నోరు తెరుస్తారు. చుట్టరికం లేదనడం వేరు, గుర్తులేదనడం వేరు. రెండు గుంపులూ ఒకే చెరువు నీళ్లు తాగుతుంటే తేడా కనబడకపోవడంలో వింతేముంది? దానికి చెడ్డ జన్యువులు రాలిపోయాయన్న కథ అక్కర్లేదు. సంఘ్వీ ఊహను బలపరిచిందనుకున్న లెక్కే, నా దృష్టిలో, మేనరికం కాని పెళ్లిళ్ల మీద పెట్టవలసిన కేసు.

ఒక అంకె చూడండి. ఒక జబ్బు జన్యువు నూటికి ఒకటి చొప్పున ఉందనుకుందాం. బయటి సంబంధాల్లో జబ్బు పిల్లలు పదివేలకు ఒకరు. మేనత్త-మేనమామ పిల్లల పెళ్లిళ్లలో పదివేలకు ఏడుగురు. ఏడు రెట్లు. మేనరికం వద్దని చెప్పే పోస్టర్లు చూపించేది ఈ లెక్కనే. ఇప్పుడు అదే జన్యువు పదికి ఒకటి చొప్పున ఉన్న చిన్న జనసమూహాన్ని తీసుకోండి. బయటి సంబంధమనుకుని చేసుకున్నా పదివేలకు నూరుగురు. మేనరికంలో సుమారు నూట యాభై ఆరు. రెట్లు తగ్గాయి, పిల్లలు పెరిగారు. మేనరికం మానిపించి మనం చేతులు దులుపుకుంటే ఆ నూరుగురు ఎవరి పద్దులో పడతారు?

ఇది కాగితం లెక్క అన్నారు. సరే. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన కేంద్రం నుంచి తంగరాజ్, లాల్జీసింగ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ బృందం 'నేచర్'లో చూపించింది ఏమిటి? మన జనసమూహాల్లో చాలా మటుకు కొద్దిమంది మూలపురుషుల నుంచి విస్తరించినవని. ఆంధ్రదేశపు వైశ్యుల్లో ఆ గుర్తు నూరు తరాల వెనకటిదని. 2017లో అదే వరసలో 'నేచర్ జెనెటిక్స్' వ్యాసం వచ్చింది. పరీక్షించిన 263 సమూహాల్లో 81 చోట్ల ఈ ప్రభావం ఫిన్లండువాళ్లలో, అష్కెనాజీ యూదుల్లో ఉన్నదానికన్నా ఎక్కువ. వైశ్యుల్లో బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం అందుకే ఎక్కువ. ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే, అందరికీ నిమిషాల్లో దిగే మందు ఆ లోపం ఉన్నవాళ్లకు గంటల తరబడి దిగదు, ఊపిరి అందదు. మత్తు డాక్టరు ముందుగా అడగవలసింది "మీది మేనరికమా?" అని కాదు గదా!

ఆ ప్రశ్న తప్పు చోట పడటం నేను కళ్లారా చూశాను. డుషేన్ కండర క్షీణత ఉన్న పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చిన తల్లిని ఒక ఆసుపత్రిలో మొదట అడిగింది అదే. ఆమె ఔనంది. కారణం మేనరికమని కాగితం మీద రాసేశారు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. కొడుక్కి ఉన్న ఒక్క ఎక్స్ తల్లిది. తండ్రి మేనమామ అయినా, మంగోలియా నుంచి వచ్చినా కొడుకు విషయంలో తేడా ఏమీ లేదు. హీమోఫీలియా అయినా అంతే. ఆ తల్లి మాత్రం ఇంటికెళ్లి ఎన్నేళ్లు మాటలు పడిందో. పోనీ ఎక్స్ మీద మేనరికం ప్రభావం చూడాలంటే కూతుళ్లలో చూడాలి. అక్కడా మేనమామ కూతుర్ని చేసుకుంటే ఎనిమిదింట ఒకటి, మేనత్త కూతుర్ని చేసుకుంటే సున్నా. వరసల లెక్క ఇంత దూరం పోతుందని గ్రహించే హాల్డేన్, జయకర్ 1962లో మనిషి బంధుత్వాల పట్టిక వేశారు. పోస్టర్ రాసేవాళ్లకు మాత్రం అన్నీ ఒకటే మేనరికం.

జనానికి సులువైన మాట చెప్పాలి గదా అంటారు. సులువైన మాట విని బయటి సంబంధం చేసుకున్నవాడు ఇక పరీక్ష అక్కర్లేదనుకుంటాడు. మరి కులం దాటమంటావా అని ఇంకొందరు. నేను పెళ్లిళ్ల పేరయ్యను కాను. న్యూయార్క్ యూదుల్లో టే-సాక్స్ జబ్బుకు పిల్లలు బలైపోతుంటే, 1980లలో ఒక రబ్బీ (యూదు మతగురువు) పూనుకుని, పెళ్లి మాటలకు ముందే రహస్యంగా రక్తపరీక్ష పెట్టించాడు. వాళ్లు తమలో తాము చేసుకోవడం మానలేదు, జబ్బు దాదాపు పోయింది. ఏ సమూహంలో ఏ జన్యువు ఉందో తెలిస్తే చాలు.

తెలియాలంటే ముందు వంశవృక్షాలు కావాలి. ఇప్పుడు నేను చేస్తున్నది అదే. రామాయపట్నం నుంచి ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం మీదుగా పులికాట్ దాకా పట్టపు జాలరుల పాళేలు తిరుగుతున్నాను. 2022లో తడ, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయినా చుట్టరికాలు జిల్లా గీతలు చూసుకోవు. మగవాడికి చదరం, ఆడమనిషికి సున్నా, మేనరికానికి జంటగీత. నోటుబుక్కు పక్కకు తిప్పి రాసినా రెండో తరానికే పేజీ చాలదు, ఇంకో కాగితం అంటించాలి. ఒక పేజీలో ఒకామెను రెండు చోట్ల గీయవలసి వచ్చింది: ఒకవైపు పిల్లవాడి నాయనమ్మ, ఇంకోవైపు అదే పిల్లవాడి తల్లికి అమ్మమ్మ. పక్కన కూర్చున్న ముసలమ్మ వేలు పెట్టి, "అట్టగాదబ్బయా, ఆ పిల్లను ఇచ్చింది పెద్దోడికి గాదు, నడిపోడికి" అని దిద్దింది. జన్యు పరీక్ష దాకా పోకుండానే ఆ తప్పు దొరికింది. ఆధార్ కార్డులో నాయనమ్మ పుట్టిన ఊరు ఉండదు. ఆ ముసలమ్మలు పోతే ఆ పట్టిక మరి దొరకదు. శ్రీహరికోట 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపికయ్యాక చోటు మారిన యానాది కుటుంబాల విషయంలో ఇప్పటికే ఆలస్యమైంది. అక్కడ ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు.

మాస్టారి పేరిట ఉన్న ఈ నిధి వడ్డీని ఏటా ఒక ఉపన్యాసానికీ, శాలువాకూ ఖర్చు పెడుతున్నారు. శాలువాలు నా దగ్గర చాలానే ఉన్నాయి. వచ్చే ఏడు ఆ డబ్బుతో ఇద్దరు ఎం.ఎస్సీ. విద్యార్థులను వేసవిలో నాతో పంపమని మాస్టారి పిల్లలను అందరి ముందే అడుగుతున్నాను. విద్యార్థులకు షరతులు రెండే: అరవం కాస్తయినా అర్థం కావాలి, ఎందుకంటే కొన్ని పాళేల్లో ఇళ్లల్లో మాట్లాడేది అదే. రెండోది, మొదటి రోజు వచ్చేటప్పుడు తమ ఇంటి వంశవృక్షం నాలుగు తరాలు గీసుకుని రావాలి, ఆడవాళ్ల పేర్లతో సహా. బస్సు చార్జీలు నేను పెట్టుకుంటాను.