పుండుకి కావలసింది ఓజోన్ గాలి కాదు, ఆసుపత్రి
(వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పట్నాల్లో ఓజోన్ వైద్యమని బోర్డులు పెడుతున్నారు. షుగరు తగ్గుతుందంటారు, క్యాన్సరు కూడా లొంగుతుందంటారు. విన్నవాడు మేకను అమ్మో, వడ్డీకి తెచ్చో పోతాడు. అందుకే దీని సంగతి మనం తెలుసుకోవాలి.

మనం పీల్చే ఆక్సిజన్‌లో రెండు పరమాణువులుంటే, ఓజోన్‌లో మూడుంటాయి. ఆ మూడోది కుదురుగా ఉండదు, తగిలినదాన్నల్లా తినేస్తుంది. అందుకే నీళ్లలో క్రిముల్ని చంపుతుంది. ఫ్రాన్సులోని నీస్ నగరంలో 1906లోనే తాగునీటి శుద్ధికి వాడారు. అయితే నీళ్ల తొట్టి వేరు, మనిషి ఒళ్లు వేరు. పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇది విషవాయువు, వైద్యంలో దీనికి తెలిసిన ఉపయోగం లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ తన నిబంధనల్లోనే రాసింది.

నెత్తురు తీసి, ఓజోన్ కలిపి, మళ్లీ ఎక్కిస్తారు. సూదులు, గొట్టాలు శుభ్రంగా లేకుంటే హెపటైటిస్, ఎయిడ్స్ క్రిములు ఎక్కుతాయి. గాలి బుడగ రక్తనాళంలోకి పోతే ప్రాణానికే ముప్పు.

షుగరు పుండ్లకు పని చేస్తుందా అని 2015లో కోక్రేన్ సంస్థ పరిశీలించింది. దొరికిన పరీక్షలు మూడే, రోగులు 212 మంది. నమ్మదగ్గ రుజువు లేదని తేల్చింది.

మరి మనవాళ్లెందుకు పోతున్నారు? షుగరు ముదిరితే కాలికి స్పర్శ పోతుంది. నాట్లేసే కూలీకి ముల్లు దిగినా తెలియదు, తెలిసేసరికి చీము పడుతుంది. సర్కారు దవాఖానలో 'ఏ వాడ?' అని అడిగి, పుండు ముట్టకుండా చీటీ విసిరితే, నవ్వుతూ కూర్చోబెట్టే దుకాణమే నయమనిపిస్తుంది. వాళ్లు అమ్మేది మర్యాద. మనం అప్పు చేసి కొంటున్నది కూడా అదే.

ఆ మర్యాద మన హక్కు. అంటరానితనం పాటించి ఆసుపత్రిలో చేర్చుకోకపోతే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 5వ సెక్షన్ కింద నేరం. షుగరు, క్యాన్సరు నయం చేస్తామని మందుల ప్రకటనలివ్వడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ప్రజారోగ్యం పెంచడం ప్రభుత్వ విధి అని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది.

కార్యకర్తలారా! రోజూ అరికాళ్లు చూసుకోమని ఇంటింటికీ చెప్పండి. ఇన్సులిన్, మాత్రలు మానొద్దనండి. పుండు పడితే ఆ రోజే పదిమంది కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోండి. పరీక్ష, మందు, కట్టు అడగండి. లేవంటే కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితం పట్టుకుని కలెక్టరు దాకా పోదాం. ఒక్కడు పోతే బతిమాలడం, వాడ పోతే అడగడం.

జై భీమ్!