అరటి పిలకలను గుర్తించి నాటు విధము

(అచ్చంపేటలో కర్షకుల ఎదుట చేసిన ఉపన్యాస పాఠము)



ఈ ప్రాంతమున ప్రత్తికిని, మిరపకును ఉన్న పేరు అరటికి లేదు. అయినను కృష్ణ ఒడ్డునకు చేరువగా నీటివసతి గలవారు ఎకరమో, అర యెకరమో అరటి వేయ నుత్సహించుట సహజము. అట్టివారు పిలకలకై తెనాలి వైపున కొల్లిపర, కొల్లూరు లంకల వంటి తోటల సీమలకు పోవలసివచ్చును. ఎటుచూచినను 2 మీటర్ల యెడముగా నాటినచో ఎకరమునకు సుమారు 1,000 పిలకలు పట్టును. వానిలో ఏవి మంచివో బండి కెక్కింపకముందే తెలిసికొనవలెను.

అరటికి మనము మ్రానని చెప్పునది ఆకుతొడుగులు చుట్టుకొని యేర్పడిన బోదె మాత్రమే. నిజమైన కాండము నేలలోని దుంప. పిలక పుట్టునది ఆ దుంపనుండియే. ఈ పిలకలు రెండు తెగలు. సూదిపిలక ఆకులు సన్నగా కత్తివలె నిలిచియుండును. మొదలు లావుగానుండి పైకి పోనుపోను సన్నగిల్లును. ఇది తల్లిదుంపను లోతున గట్టిగా నంటి, దానివలన ఆహారము పొందుచు పెద్ద దుంపను కట్టుకొనును. నీటిపిలక యట్లు కాదు. తల్లితో దీని సంబంధము పైపైనిది గనుక చిన్నతనముననే వెడల్పాకులు విప్పి తన తిండి తానే వెదకికొనును. చూపునకు ఇదియే నవనవలాడుచుండును. అమ్మువాడును దీనినే ముందు చూపును! దుంప చిన్నదగుటచే గెల ఆలస్యముగా వచ్చును, వచ్చినదియు చిన్నదిగా నుండును.

సూదిపిలకయు ముదిరినకొలది వెడల్పాకులు వేయును. కావున ఆకును మాత్రమే నమ్మక మొదట మన్ను త్రవ్వించి దుంపను చూడుడు. మూడు నెలల ప్రాయమున దుంప కిలోన్నర మొదలు రెండు కిలోల వరకు తూగు సూదిపిలక నాటుటకు శ్రేష్ఠము.

అయితే పిలకకంటె ముందు పరీక్షింపవలసినది తల్లిని. వెర్రితెగులు సోకిన చెట్టున ఆకులు కురచవై, నిట్టనిలువుగా తలవద్ద గుత్తికట్టును. ఆకుకాడలపైనను, ఈనెల యడుగునను ముదురాకుపచ్చని చుక్కలు, గీతలు కనబడును. అట్టి తల్లి పిలక కొంతకాలము నిర్దోషముగా కనబడవచ్చును గాని విషము లోననే యుండును. ఈ తెగులునకు మందు లేదు. ఆస్ట్రేలియాలో ట్వీడ్ లోయ తోటలు 1920 తరువాతి సంవత్సరములలో దీనిచేతనే పాడువడెను. తెగులును వ్యాపింపజేయునవి పేనుబంకయు, నాటు పిలకయు నని మెగీ యను శాస్త్రజ్ఞుడు 1927లో ప్రకటించెను. 1940 ప్రాంతమున ఇది సింహళమునుండి కేరళకు దాటెను. కావున పొరుగువాడు ఊరక యిచ్చిన పిలకయైనను వాని తోటను కన్నులార చూడనిదే తేవలదు. ఒక్క చెట్టున ఈ గురుతులున్నను ఆ తోట విడిచి మరియొక తోటకు పొండు. చూచుటకు వీలుపడనిచో వైరస్ పరీక్ష జరిగిన కణవర్ధన మొక్కలను కొనుట మేలు. వెల హెచ్చైనను నష్టము లేదు.

పిలకను పెరికి లాగరాదు. చుట్టును మన్ను తీసి, వాడియైన పలుగుతో తల్లినుండి వేరుచేసి, దుంపను గాయపరుపక యెత్తవలెను. వేళ్లను కోసి దుంపను పలుచగా చెక్కినచో లోపల తెల్లగా నుండవలెను. ఎర్రని గోధుమవన్నె చారలున్నచో పనామా తెగులని అనుమానింపుడు. అమృతపాణి రకమునకు ఇది మిక్కిలి ప్రమాదకరము. సొరంగములున్నచో దుంప తొలుచు ముక్కుపురుగు. రెండింటిని పారవేయవలసినదే. నులిపురుగుల భయమున్నచోట చెక్కిన దుంపను 55 సెంటిగ్రేడు డిగ్రీల వేడినీట 20 నిమిషము లుంచుదురు. ఉష్ణమాపకము లేక చేతితో చూచి యీ పని చేయబూనినచో దుంప ఉడుకును. పై బోదెను జానెడు మిగిల్చి కోసి, నీడనుంచి, రెండుమూడు దినములలో నాటవలెను.

జూన్, జూలై మాసములు నాటుటకు అనుకూలములు. మూరెడు గోతిలో పశువుల యెరువు కలిపిన మన్ను నింపి, దుంప మునుగునంత లోతున నిలువుగా నాటి చుట్టును త్రొక్కవలెను. మన నల్లరేగడి నీటిని పట్టియుంచును గనుక వరుసల నడుమ మురుగుకాలువలు ముందుగానే తీయుడు. నీరు నిలిచినచో దుంప కుళ్లును.

ఆపై పుట్టు పిలకలను నెలకో, నెలన్నరకో ఒకసారి నేలమట్టమునకు కోసివేయుచుండవలెను. గెల వేసిన పిమ్మట మాత్రము ఒక్క సూదిపిలకను కార్శికై విడువవచ్చును.