వెనక చక్రం హబ్బు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మోకాళ్ల నొప్పుల గురించి డాక్టరుగారు ఇప్పుడే వివరంగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాలూ నా సైకిలు గురించి మాట్లాడతాను. 1974లో ఆఫీసు అడ్వాన్సుతో కొన్నాను. బాకీ నెలనెలా జీతంలో పట్టుకున్నారు.

మొన్న సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి వెనక చక్రం పట్టుకుని ఊపి చూశాడు. అటూ ఇటూ ఆడింది. "నాన్నా, డెబ్బయి అయిదేళ్ల వయసులో పడితే తుంటి విరుగుతుంది. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నాడు. వాడి భయం వాడిది. కాని సైకిలు పోతే పాలకూ, లైబ్రరీకీ, ఈ సంఘానికీ నేను ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. ఆదివారం దాకా గడువు అడిగాను.

తప్పు నాదే. దసరా ముందు కరకర చప్పుడు వస్తే బాల్స్ మాత్రం మార్చి, కోన్లు పాతవే ఉంచాను. పొదుపు అనుకున్నాను. మూడు నెలల్లో కొత్త బాల్స్ కూడా పాడయ్యాయి.

ఈసారి చక్రం ఊడదీసి అంతా కిరోసిన్‌తో కడిగాను. మన పాత సైకిళ్ల వెనక హబ్బులో పక్కకు తొమ్మిది చొప్పున పావు అంగుళం బాల్స్ ఉంటాయి. అవి హబ్బులోని కప్పుకూ, ఇరుసు మీది కోనుకూ మధ్య దొర్లుతాయి. ఒక బాల్ మంచం కిందికి దొర్లిపోతే మా ఆవిడే వెతికి ఇచ్చింది. ఏమందో ఇక్కడ చెప్పను.

కోను అరిగిందో లేదో కంటికి సరిగా తెలియదు. బాల్‌పెన్ను మొన దాని మీద నెమ్మదిగా తిప్పండి. గుంట ఉంటే చేతికి తగులుతుంది. నా కోన్లు రెండింటికీ గుంటలు పడ్డాయి. అదృష్టం, కప్పులు నున్నగానే ఉన్నాయి. కప్పులకూ గుంటలు పడితే హబ్బే మార్చాలి. నలభై స్పోకులు విప్పి మళ్లీ అల్లి, రిమ్ము బెండు తీయాలి. అది షాపువాడి పని. మనం చేయి పెట్టకపోవడం మంచిది.

కొత్త కోన్లు, పద్ధెనిమిది బాల్స్ తెచ్చాను. పాతవీ కొత్తవీ కలపకూడదు. కాస్త పెద్దగా ఉన్న బాల్స్ మీదనే బరువంతా పడుతుంది. కప్పుల నిండా గ్రీజు పెట్టి, బాల్స్ అందులో గుచ్చి, ఇరుసు దూర్చాను. అసలు కష్టం బిగింపులో ఉంది. ఎడమవైపు కోను బిగించి పైనట్టు బిగించగానే, దానితోపాటు కోను కూడా కాస్త తిరుగుతుంది. చక్రం పట్టేస్తుంది. నాలుగుసార్లు విప్పి బిగించాను. గొలుసు తగిలించకముందు, వాల్వు పక్కకు ఉండేలా చక్రాన్ని వదిలితే, వాల్వు తనంత తాను కిందికి దిగి ఆగాలి. అప్పుడు రిమ్ము పట్టి ఊపినా ఆడకూడదు. ఈ రెండూ కుదిరేసరికి మధ్యాహ్నం రెండయింది.

మా అబ్బాయి మాట్లాడకుండా సైకిలెక్కి వీధి చివరిదాకా వెళ్లి వచ్చాడు. దిగి, "బ్రేకు రబ్బర్లు కూడా అరిగాయి, అవి నేను తెస్తాను" అన్నాడు.

ఇవాళ సభకు దాని మీదనే వచ్చాను. బయట వేపచెట్టు కింద ఉంది. చూడదలచినవారు భోజనాల తర్వాత రండి.