పోగు తెగిన చోటు కనిపెట్టే చదువు

(జిగణిలో మన నేత కుటుంబాల విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో సమాఖ్య యువజన విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉపన్యాసకులం కాదు. ఈ జిగణి, బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లోనూ, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లోనూ నెట్‌వర్క్ పని చేసుకునేవాళ్లం. మా పెద్దలు ధర్మవరం నుంచి, హిందూపురం నుంచి వచ్చి ఆనేకల్ వైపు మగ్గాలు పెట్టుకున్నారు. ఈ మధ్య మన ఇళ్ల నుంచి ఒకే ప్రశ్న వస్తోంది: "కంప్యూటర్ నెట్‌వర్కింగ్ చదివిస్తే మావాడికి అన్నం పెడుతుందా?" పెడుతుంది. కానీ ఎవరికి, ఎలా అన్నది చెప్పాలి.

ముందు ఆ పనేమిటో చూద్దాం. ఇక్కడ ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా గేటు దగ్గర వేలిముద్ర మెషిన్, లోపల సీసీ కెమెరాలు, ఆఫీసులో బిల్లింగ్ కంప్యూటర్లు ఉంటాయి. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే కేబుళ్లు, స్విచ్చులు, రౌటర్లు, వైఫై కావాలి. ఒక్కోదానికి ఒక అడ్రసు కావాలి, దొంగలు దూరకుండా కాపలా కావాలి. నెట్‌వర్క్ ఆగిందంటే బిల్లు రాదు, బిల్లు లేనిదే లారీ గేటు దాటదు. ఆ ఆగింది ఎక్కడో కనిపెట్టి నడిపించేవాడే నెట్‌వర్క్ ఇంజనీరు.

ఇది మనకు కొత్త విద్యేం కాదు. గుడ్డలో గీత పడితే మగ్గమంతా విప్పుకుని కూర్చోం గదా! పోగు పన్నెలో తెగిందా, వెనకాల పడుగులో తెగిందా అని వరసగా చూసుకుంటూ పోతాం. నెట్‌వర్క్‌లోనూ అంతే. కేబులు బాగుందా, స్విచ్చి లైటు వెలుగుతోందా, అడ్రసు సరిగా ఉందా, రౌటరు దాకా పోతోందా అని కింది నుంచి పైకి చూస్తాం. ఓపిక ఉన్నవాడికి ఈ పని అబ్బుతుంది.

ఇక చదువు. డిగ్రీ మీద "నెట్‌వర్కింగ్" అనే పేరే ఉండాలని పట్టుబట్టనక్కర్లేదు. కంప్యూటర్ సైన్స్, ఇన్ఫర్మేషన్ సైన్స్, ఎలక్ట్రానిక్స్‌లో బీఈ అయినా, బీసీఏ అయినా నెట్‌వర్క్స్ పాఠం ఉంటుంది. ఎస్సెస్సెల్సీ తర్వాత మూడేళ్ల డిప్లొమా చేసి, డీసెట్ రాసి నేరుగా బీఈ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఖర్చు తక్కువ, చేతిపని ముందే వస్తుంది. మన ఇళ్లకు ఇదే మంచి దారి అని మా అభిప్రాయం.

ఒక జాగ్రత్త. ఆంధ్రలో తీసుకున్న బీసీ-బి సర్టిఫికేట్ చూపిస్తే కర్ణాటక సీటుకు రిజర్వేషన్ రాదు. ఇక్కడి సీఈటీకి కనీసం ఏడేళ్లు కర్ణాటకలో చదివి ఉండాలన్నది ముఖ్యమైన నిబంధన, వేరే క్లాజులు కూడా ఉన్నాయి. పిల్లల స్టడీ సర్టిఫికేట్లు, కుల ధ్రువీకరణ కాగితాలు ఇప్పుడే సరిచూసుకోండి. కౌన్సెలింగ్ రోజున పరిగెత్తితే లాభం లేదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మనవాళ్ల అబ్బాయి ఒకడు బీసీఏ అయ్యాక, "ఉద్యోగం గ్యారంటీ" అన్న ఒక శిక్షణా సంస్థలో చేరాడు. చేర్పించమన్నది మేమే. వాళ్ల నాన్న మగ్గం అమ్మి ఫీజు కట్టాడు. అక్కడ ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టించి సర్టిఫికేట్ చేతికొచ్చేలా చేశారు. ఇంటర్వ్యూలో అడిగింది చిన్న ప్రశ్న. ఒక కంప్యూటర్ 192.168.1.10, ఇంకోటి 192.168.2.10, రెండింటికీ మాస్కు 255.255.255.0, మధ్యలో ఉన్నది స్విచ్చి ఒక్కటే. ఎందుకు మాట్లాడుకోవు? అవి రెండు వేరే నెట్‌వర్కులు, మధ్యలో రౌటరు కావాలి. అంతే జవాబు. వాడు చెప్పలేకపోయాడు. ఆ రోజు వాళ్ల నాన్న మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది అనిపించింది.

తర్వాత ఆ అబ్బాయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్‌లోనే రౌటర్లు, స్విచ్చులు కలిపి నేర్చుకోవచ్చు. రోజూ కలిపాడు, చెడగొట్టాడు, మళ్లీ సరిచేశాడు. ఇప్పుడు నైట్ షిఫ్టులో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మిన మగ్గం మాత్రం తిరిగి రాలేదు.

సీసీఎన్ఏ పరీక్ష మంచిదే. దానికి డిగ్రీ తప్పనిసరి కూడా కాదు. కానీ ఆ సర్టిఫికేట్ మూడేళ్లే చెల్లుతుంది, తర్వాత మళ్లీ రెన్యూ చేసుకోవాలి. మొదటి ఉద్యోగంలో రాత్రిళ్లు, పండగ రోజులు కూడా పని ఉంటుంది. ఒకేలా చేసే పనులు ఇప్పుడు ప్రోగ్రాములే చేసేస్తున్నాయి. అందుకని పైథాన్, క్లౌడ్, సెక్యూరిటీ వైపు ఎదగాలి. అమ్మాయిలను ఈ పనికి పంపాలా అని అడుగుతున్నారు. తప్పక పంపండి. షిఫ్టు, రవాణా సంగతి మాత్రం చేరకముందే అడిగి తెలుసుకోండి.

చింతకింది మల్లేశం గారు మనకు తెలుసు. బడి మధ్యలో ఆపేసినా, ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చదువు వద్దని కాదు మేం చెప్పేది. కాగితం వెనకాల చేతిలో పని ఉండాలి.

కాబట్టి పెద్దలకు మా మనవి: గ్యారంటీ అన్న మాట విని మగ్గం అమ్మకండి. పిల్లలూ, ఫీజు కట్టే ముందు రెండు నెలలు ఇంట్లోనే కూర్చుని నేర్చుకుని చూడండి. ఇష్టం నిలిస్తే ముందుకు పొండి, నిలవకపోతే పోయింది రెండు నెలలే. మా దగ్గర పాత రౌటర్లు, స్విచ్చులు ఉన్నాయి. ఆదివారం పూట రండి, పక్కన కూర్చుని నేర్పుతాం. ఈసారి మేం సలహా చెప్పి ఊరుకోం.