థర్మాకోల్ ప్లేటూ, అవ్వ అల్లిన తట్టా

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ముందుగా మా తప్పు చెప్పుకుంటాం.

ఒక ఏడాది హాస్టల్ వార్షికోత్సవానికి థర్మాకోల్ ప్లేట్లు తెప్పించాం. చవక, కడిగే పని లేదు. బాండ్లీలోంచి తీసిన బజ్జీ పెట్టగానే ప్లేటు కుంగి గుంత పడింది. మర్నాడు గాలికి అవి కంచె దాటి మేకల దొడ్డి దాకా పోయాయి. పిల్లలతో కలిసి మేమూ ఏరాం. సగం ముక్కలై మట్టిలోనే ఉండిపోయాయి. థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను ఉబ్బించిందే. టీవీ పెట్టెలో వచ్చే తెల్ల దిమ్మలో 98 శాతం దాకా గాలే. తూకానికి రాదు కాబట్టి పాత సామాన్లవాళ్ళూ ముట్టుకోరు.

ఏరుతుండగా ఎనిమిదో తరగతి పాప మెల్లగా అంది: "మేడం, మా అవ్వ ఈతాకుతో తట్టలు అల్లుతుంది. చెబితే నవ్వుతారని చెప్పలేదు." ఎరుకల బిడ్డ. ఆ మాట మాకు ప్లేట్ల కంటే ఎక్కువ గుచ్చుకుంది.

చిత్తూరు మామిడి, మదనపల్లె టమోటా ఒకప్పుడు మనవాళ్ళు అల్లిన గంపల్లోనే సంతకు పోయేవి. ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాక గంప మూలపడింది. ఇప్పుడు చక్రం కొంచెం వెనక్కి తిరుగుతోంది. తిరుమలలో 2021 ఆగస్టులో లడ్డూలకు, మట్టిలో కలిసిపోయే సంచులు మొదలుపెట్టారు. డీఆర్‌డీఓ శాస్త్రవేత్తలు మొక్కజొన్న పిండి పదార్థంతో చేసినవి అవి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, అలంకరణ థర్మాకోల్ దేశమంతా నిషేధం. సామాన్లకు అడ్డు పెట్టే థర్మాకోల్ మాత్రం ఆ జాబితాలో లేదు. అక్కడ వరిగడ్డి, అట్టముక్కలు చాలావరకు సరిపోతాయి. గాజు గ్లాసులు గడ్డిలో పెట్టి పంపడం మన ముసలివాళ్ళకు కొత్త కాదు.

అన్నిటికీ తట్టే మందు అనడం లేదు. ఐసు చేపల పెట్టెకు అది పనికిరాదు. చారూ పులుసూ కారిపోతాయి. కానీ టిఫిన్‌కు పుల్లలతో కుట్టిన మోదుగాకు విస్తరి, వక్క పట్ట ప్లేటు ఉన్నాయి. స్వీట్లకు, పండ్లకు, పెళ్ళి తాంబూలానికి మూత ఉన్న ఈతాకు బుట్ట ఉంది. కొనేవాడు జాలిపడి కొనడు; అన్నీ ఒకే కొలతలో, శుభ్రంగా, చెప్పిన రోజుకు ఇస్తేనే కొంటాడు. మనవాళ్ళు తప్పుతున్నది అక్కడే, దాచడమెందుకు?

2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో బుట్టలల్లేవాళ్ళూ ఉన్నారు. శిక్షణకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 దాకా ఇస్తారు. 18 దాటిన మీరు అవ్వ పక్కన కూర్చుని ఆ వివరాలు కనుక్కోండి.

ఆ పాప అవ్వ మా హాస్టల్‌కు వచ్చి రెండు ఆదివారాలు నేర్పింది. మా చేతిలో తయారైన మొదటి తట్ట ఒక పక్కకు వాలింది. అవ్వ పకపకా నవ్వి విప్పేసింది. వచ్చే నెల మళ్ళీ వస్తానంది. ఈసారి వెదురు పని. బద్దలు చీల్చే కత్తులు మా దగ్గర రెండే ఉన్నాయి. మీ ఇళ్ళల్లో పాతవి ఉంటే పట్టుకురండి.