దూరశ్రవణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సమయమున ఏదేని యొక విషయమును గూర్చి ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించిరి. నేను బ్రతుకుదెరువునకు గ్రామపు లెక్కలు వ్రాయువాడను. తీరిక వేళల భారత భాగవతములను నా అంతట నేను చదువుకొన్నవాడను. లెక్కల పుస్తకమునకును, పురాణ శ్రవణమునకును కూడ చుట్టరికము గల వినోదమొకటి లోకమున నున్నది. అది దూరదేశపు రేడియోలను వెదకి వినుట. ఆంగ్లమున దానిని ‘డీఎక్స్’ అందురు. పూర్వపు తంతి ఉద్యోగులు దూరమను మాటకు వాడుకొన్న సంకేతమది. మన భాషలో దానిని దూరశ్రవణమనిన చక్కగా నుండునని నా మనవి.

ఈ పేరు నేను కల్పించినది కాదు. భాగవత ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణుడు ఉద్ధవునకు సిద్ధులను వివరించుచు దూరశ్రవణమును కూడ వానిలో చేర్చినాడు. భారతమున సంజయునకు వ్యాసానుగ్రహముచేత యుద్ధవృత్తాంతమంతయు గోచరించినది. ఇట్లు తపస్సంపన్నులకు మాత్రమే చెల్లిన సిద్ధి ఇరువదవ శతాబ్దిలో ఒక తీగకును, ఒక చిన్న పెట్టెకును లోబడినది. 1901 డిసెంబరు 12వ తేదీన మార్కోనీ న్యూఫౌండ్లాండులోని సెయింట్ జాన్స్ పట్టణము చెంత గుట్టమీద, గాలిపటమునకు కట్టిన తీగ సాయమున, అట్లాంటిక్ మహాసముద్రమున కావల ఇంగ్లండునుండి పంపిన మూడు చుక్కల సంకేతమును వింటినని ప్రకటించెను.

భూమి గుండ్రముగా నుండగా, తిన్నగా పోవు తరంగము అంత దూరమెట్లు చేరును? ఈ ప్రశ్నకు 1902లో కెన్నెలీ, హెవిసైడ్ అను ఇరువురు వేర్వేరుగా ఒకే సమాధానము చెప్పిరి. మన తలలపై ఎంతో యెత్తున విద్యుత్తు నిండిన వాయుపొర యొకటి యుండవలెననియు, అది రేడియో తరంగములను తిరిగి నేలకు మరల్చుననియు వారి యూహ. ఆపిల్టన్ 1924లో దానిని ప్రయోగపూర్వకముగా నిరూపించి, 1947లో నోబెల్ బహుమానమందెను. మన దేశమున కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా ఈ పొరలను గూర్చి జీవితమంతయు పరిశోధించెను. ఊర్ధ్వ వాతావరణమును గూర్చిన ఆయన ఉద్గ్రంథము కూడ 1947లోనే వెలువడినది. పగటివేళ క్రింది పొర మీడియం వేవ్ తరంగములను మ్రింగివేయును. ప్రొద్దు గ్రుంకగానే ఆ పొర సన్నగిల్లును. అప్పుడు పై పొర వానిని దూరదేశములకు పంపును. పగలు వినబడని పరాయి కేంద్రము రాత్రివేళ పలుకుటకు కారణమిదియే. షార్ట్ వేవ్ తరంగములు పగలు కూడ దూరము పోగలవు. సూర్యబింబముపై మచ్చలు సుమారు 11 సంవత్సరముల కొకమారు హెచ్చి తగ్గుచుండును. వానితోపాటు దూరశ్రోతల అదృష్టమును హెచ్చి తగ్గుచుండును.

ఈ వినోదము మొదట విరివిగా వ్యాపించినది అమెరికా దేశమున. 1920 నవంబరు 2వ తేదీన పిట్స్‌బర్గు నగరపు కేడీకేఏ కేంద్రము ఎన్నికల ఫలితములను ప్రసారము చేసినది మొదలు, కొలదికాలములోనే వందలకొలది కేంద్రములు వెలసినవి. దగ్గరి కేంద్రపు గొంతు దూరపు గొంతును కప్పివేయుచుండెను. అప్పుడు కొన్ని నగరములవారు చేసిన యేర్పాటు ముచ్చట గొల్పును. వారమున కొక రాత్రి తమ కేంద్రములు మౌనము వహించును. ఆ రాత్రి నగరవాసులు దూరపు కేంద్రములను వినవచ్చును. చికాగోలో ఇది సోమవారపు రాత్రి. దానిని వారు ‘మౌనరాత్రి’ యనిరి. ఇతరుని మాట వినబడుటకై తాను నోరు మూసికొనుట ఎంత గొప్ప మర్యాద! సభల యందు మనమును నేర్వదగినది కదా!

విన్నవాడు విన్నట్లు ఋజువు కోరును. 1924 ప్రాంతమున చికాగోలోని ఎక్కో అను సంస్థవారు రేడియో కేంద్రముల పేర్లతో అందమైన బిళ్ళలను, వానిని అంటించుకొను పుస్తకమును అచ్చొత్తించిరి. శ్రోత తాను విన్న వివరమును, దానితో పది సెంట్లను పంపినచో కేంద్రమువారు సరిచూచి బిళ్ళను పంపుచుండిరి. తరువాత ఈ పని పోస్టుకార్డులకు సంక్రమించినది. దానినే క్యూఎస్ఎల్ కార్డు అందురు. మన భాషలో రసీదు.

అభిరుచి గలవారు ఒకచోట చేరిన సంఘములు పుట్టుట సహజము. 1927లో న్యూజెర్సీ రాష్ట్రమున నూవార్కు న్యూస్ రేడియో క్లబ్బును, 1933లో నేషనల్ రేడియో క్లబ్బును ఏర్పడినవి. 1947లో డెన్మార్కునుండి ప్రపంచ రేడియో కేంద్రముల వేళలను, తరంగములను తెలుపు ‘వరల్డ్ రేడియో హ్యాండ్‌బుక్’ వెలువడ నారంభించినది. ఇది దూరశ్రోతలకు పంచాంగము వంటిది. 1948లో స్వీడన్ రేడియో ఈ శ్రోతల కొరకే ఒక ప్రత్యేక కార్యక్రమమును ప్రారంభించినది. మన దేశమున కలకత్తా, మద్రాసు వంటి నగరములలో ఇట్టి సంఘములు వెలసి, పత్రికలను నడిపినవి.

ఇక వీరి లెక్కల పద్ధతి వినుడు. దూరశ్రోత యెదుట నుండు పుస్తకము మా చిట్టా వంటిది. తేదీ, వేళ, తరంగసంఖ్య, కేంద్రము పేరు, విన్న సంగతి అందు వ్రాయవలెను. వేళను అంతర్జాతీయ ప్రమాణమున వేయవలెను. మన గడియారము దానికి ఐదున్నర గంటలు ముందు. తుదకు ఐదంకెలు వేయుదురు: ధ్వని బలము, ఇతర కేంద్రముల అడ్డు, చప్పుడు, తరంగపు నిలుకడ, మొత్తము నాణ్యత. ఒక్కొక్కదానికి 5 ఉత్తమము, 1 అధమము. వినబడనిది వినబడినట్లు వ్రాయరాదు. కార్యక్రమ పట్టికను చూచి పూరింపరాదు. దూరమున నున్న యింజనీరు ఆ నివేదికను బట్టియే తన ప్రసారము ఎచ్చట చేరినదో, ఎట్లు చేరినదో తెలిసికొనుచుండెను. చిట్టాలో తప్పంకె వేసినవాని ఆవర్జా యంతయు చెడినట్లు, ఇచ్చట ఒక్క కల్ల వ్రాత సంఘపు పరువును తీసివేయును.

ఈ సత్యనిష్ఠ వట్టి వినోదమునకే పరిమితము కాలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనీ రేడియో తన ప్రచారమును అమెరికనులచే వినిపింపగోరి, తనకు చిక్కిన అమెరికా సైనికుల పేర్లను, వారి యింటి చిరునామాలను నడుమ నడుమ చదువుచుండెను. అమెరికాలో ఇండ్లయందు షార్ట్ వేవ్ వినుచున్న సామాన్యులు కొందరు ఆ పేర్లను వ్రాసికొని, ఏ మాత్రము పరిచయము లేని ఆ కుటుంబములకు కార్డు వ్రాసిరి: మీ కుమారుడు బ్రతికియున్నాడని రేడియోలో వింటిమని. జాడ తెలియని కుమారుని కొరకు పరితపించుచున్న తల్లికి ఆ కార్డు ఎంతటిదో చెప్పనక్కరలేదు. పేరు సరిగా వినక, ఊహించి వ్రాసినచో, ఒక యింట లేని ఆశ పుట్టును. వేరొక యింట ఉన్న ఆశ అణగును. సంజయుడు గ్రుడ్డిరాజునకు అప్రియమైనను సత్యమునే చెప్పెను. ఈ కార్డులు వ్రాసినవారును సంజయ గోత్రజులే.

మన తెలుగు మాటయు ఇట్లే దూరదేశములకు పోయినది. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రము 4800 కిలోహెర్ట్జులపై షార్ట్ వేవ్ ప్రసారము చేసిన కాలమున, ఐరోపా దూరశ్రోతలు దానిని పట్టి తమ పుస్తకముల కెక్కించుకొనిరి. అర్థము తెలియకున్నను, ఆ నాదమును వారు ఆదరించిరి.

వినుటతో తృప్తిపడక, ప్రభుత్వ అనుజ్ఞ పొంది తామును మాటలాడువారు వేరొక తెగ. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వారి బృందము 2004 డిసెంబరులో, ఒక మహిళ నాయకత్వమున, దూరసంభాషణల కొరకు అండమాను దీవులకు పోయియుండెను. 26వ తేదీన సునామీ విరుచుకుపడి తంతి, టెలిఫోను సాధనములు విచ్ఛిన్నమైనవి. వినోదమునకై తెచ్చిన పరికరములే ఆపన్నుల క్షేమవార్తలను ప్రధాన భూభాగమునకు చేర్చు సాధనములైనవి.

నేడు ఈ విద్యకు గడ్డుకాలము వచ్చినది. షార్ట్ వేవుపై స్వీడన్ రేడియో 2010లోను, నెదర్లాండ్సు రేడియో 2012లోను, ఆస్ట్రేలియా రేడియో 2017లోను, బీబీసీ హిందీ ప్రసారము 2020లోను మౌనము దాల్చినవి. ఇంటింటి ఎల్ఈడీ దీపములును, చార్జర్లును పుట్టించు చప్పుడు సన్నని ధ్వనులను మ్రింగుచున్నది. అయినను శ్రద్ధ గలవారు మానలేదు. 2008 నుండి నెదర్లాండ్సులోని ట్వెంటే విశ్వవిద్యాలయపు రేడియోను అంతర్జాలము ద్వారా దూరమునుండియే త్రిప్పి వినుటకు వీలు కలిగినది.

కేంద్రములు మూతపడినను, వాని రసీదులు మిగిలినవి. వియన్నా నగరమున ఒక పత్రభాండారము లక్షలకొలది క్యూఎస్ఎల్ కార్డులను భద్రపరచినది. అమెరికాలో మేరీల్యాండు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు ఇట్టి సేకరణ యొకటి చేరినది. గాలిలో పుట్టి గాలిలో కలిసిన మాటకు సాక్ష్యము తుదకు గ్రంథాలయమునందే నిలిచినదని గమనింపుడు.

మన ప్రాచీనులు విద్వాంసుని ‘బహుశ్రుతుడు’ అనిరి. అనగా పెక్కు విన్నవాడు. నవవిధ భక్తులలోను శ్రవణమే మొదటిది. ఎంత విన్నను, విన్నది విన్నట్లు నిలుపుకొనువాడే శ్రుతవంతుడు. మన గ్రంథాలయమునందును ఒక తెల్లకాగితపు పుస్తకము నుంచుడని నిర్వాహకులకు నా విన్నపము. గ్రామవృద్ధులు చెప్పిన పాటలు, సామెతలు, చెరువుల చరిత్రలు, పంటల వివరములు మన యువకులు తేదీ వేసి, చెప్పినవారి పేరుతో, చెప్పినది చెప్పినట్లు అందు వ్రాయుదురు గాక. స్వర్ణోత్సవమును జరుపువారికి మన మీయగల రసీదు అదియే.